అమ్మినవీ, అమ్మనివీ: నాష్‌విల్ ఫిస్క్ విశ్వవిద్యాలయం కథ

(నాష్‌విల్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లల క్లాసులు, వారానికి సరిపడా వంటలు అన్నీ పక్కన పెట్టి వచ్చారు. వచ్చింది కూడా మనకు ఏ చుట్టరికమూ లేదనుకునే ఒక విశ్వవిద్యాలయం గురించి వినడానికి. ముందుగా మీ అందరికీ కృతజ్ఞతలు.

మీలో చాలామంది రోజూ ఐ-40 మీద డౌన్‌టౌన్ వైపు వెళ్తుంటారు. జెఫర్సన్ స్ట్రీట్ ఎగ్జిట్ బోర్డు చూసే ఉంటారు. అక్కడ దిగి కాస్త దూరం పోతే, కొంచెం ఎత్తు మీద, కోసుగా లేచిన బురుజుతో పాతకాలపు ఇటుకల భవనం ఒకటి కనిపిస్తుంది. పేరు జూబిలీ హాల్. ఫిస్క్ విశ్వవిద్యాలయం అదే. ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళో ఉంటున్న మనవాళ్ళలో కూడా అటు తొంగి చూసినవాళ్ళు తక్కువ. మన పిల్లలకి వాండర్‌బిల్ట్ తెలుసు, బెల్మాంట్ తెలుసు. ఫిస్క్ అంటే మాత్రం ‘అదెక్కడ?’ అంటారు. నాకు అది బాధగా ఉంటుంది. ఎందుకు బాధో ఈ గంటలో చెప్పాలని వచ్చాను.

నల్లజాతి విశ్వవిద్యాలయాలంటే ఏమిటో క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 1865లో అంతర్యుద్ధం ముగిసేదాకా చాలా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసకి అక్షరాలు నేర్పడం నేరం. యుద్ధం ముగిశాక లక్షలాది మంది ఒక్కసారిగా స్వతంత్రులయ్యారు. వాళ్ళు మొదట అడిగినవాటిలో బడి ఒకటి. తెల్లవాళ్ళ కాలేజీల తలుపులు మూసే ఉన్నాయి కాబట్టి వీళ్ళ కోసం వేరే బడులు, కాలేజీలు వెలిశాయి. 1964కి ముందు నల్లవాళ్ళ చదువు కోసమే పుట్టిన కాలేజీలను 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించింది. ఇవాళ అలాంటివి వంద దాకా ఉన్నాయి. కమలా హారిస్ పుణ్యమా అని వాషింగ్టన్‌లోని హోవార్డ్ పేరు మనవాళ్ళ ఇళ్ళలో కూడా వినబడింది. టస్కీగీ, మోర్‌హౌస్, స్పెల్మన్ పేర్లు కొందరైనా విని ఉంటారు.

ఫిస్క్ వీటిలో చిన్నది. విద్యార్థులు వెయ్యి మంది దాకా ఉంటారు. అయినా నేను దీన్నే ఎంచుకోవడానికి మన ఊరిది కావడం ఒక్కటే కారణం కాదు. బడి నడవాలంటే డబ్బు కావాలి. డబ్బు లేనివాళ్ళు ఏదో ఒకటి అమ్ముకోవాలి. ఏది అమ్మొచ్చు, ఏది అమ్మకూడదు అన్న ప్రశ్న పుట్టినరోజు నుంచీ ఈ విశ్వవిద్యాలయాన్ని వదల్లేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే భారం ఎక్కువసార్లు పడింది పెద్దవాళ్ళ మీద కాదు, పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లల మీద.

ఇక కథలోకి వస్తాను.

1866 జనవరి 9న నాష్‌విల్‌లో బడి తెరిచారు. అమెరికన్ మిషనరీ అసోసియేషన్ తరఫున జాన్ ఆగ్డెన్, ఎరాస్టస్ క్రేవాత్, ఎడ్వర్డ్ స్మిత్ అనే ముగ్గురు పూనుకున్నారు. ఉత్తరాది సైన్యం వాడి వదిలేసిన ఆస్పత్రి షెడ్లను ఇప్పించింది జనరల్ క్లింటన్ ఫిస్క్. ఆయన పేరే బడికి పెట్టారు. కొన్ని నెలల్లోనే వందల మంది చేరారు. ఏడేళ్ళ పిల్లల నుంచి డెబ్భై ఏళ్ళ ముసలివాళ్ళ దాకా ఒకే ఓనమాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. తాతా మనవడూ ఒకే బెంచీ మీద ఉన్న తరగతి గదిని ఒక్కసారి ఊహించుకోండి.

పుస్తకాలు కొనడానికి డబ్బుల్లేవు. అప్పుడేం చేశారో ఫిస్క్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊళ్ళో పాత బానిసల దొడ్డి ఒకటి ఉండేది. మనుషుల్ని అమ్మకానికి ముందు కట్టిపడేసే చోటు. అక్కడ తుప్పుపట్టి పడి ఉన్న సంకెళ్ళు, బేడీలు పోగేసి పాత ఇనుము కింద అమ్మి, ఆ డబ్బుతో ఓనమాల పుస్తకాలు, బైబిళ్ళు కొన్నారట. తమని కట్టేసిన ఇనుమునే అమ్మి అక్షరాలు కొనుక్కున్నారు. ఫిస్క్ మొట్టమొదట అమ్మింది అదీ.

1867లో విశ్వవిద్యాలయంగా రిజిస్టరు చేశారు. పేరు పెద్దదైంది, పూట గడవడం మాత్రం కష్టంగానే ఉంది. సైన్యం షెడ్లు పుచ్చిపోయాయి. చలికాలం గాలి సందుల్లోంచి ఈలలు వేస్తూ దూసుకొచ్చేదని, రాత్రిళ్ళు వణికిపోయేవాళ్ళమని ఎల్లా షెపర్డ్ తర్వాత రాసుకుంది. ఈమె గురించి కాస్త ఆగి చెప్పాలి.

ఎల్లా 1851లో బానిసగా పుట్టింది. తల్లి సారా. ఆ ఇంటి యజమానురాలు పసిపిల్ల ఎల్లాకి తన తల్లి మీదే చాడీలు చెప్పడం నేర్పుతోందని సారాకి తెలిసింది. ఇలాంటి బతుకు కంటే చావు నయమనుకుని పిల్లని చంకనేసుకుని నదిలో దూకడానికి బయల్దేరింది. దారిలో ఒక ముసలమ్మ ఆపి, ‘ఈ పిల్లతో దేవుడికి పని ఉంది’ అని వెనక్కి పంపిందట. తండ్రి సైమన్ అప్పటికే తన స్వేచ్ఛను కొనుక్కున్నాడు. 350 డాలర్లు కట్టి కూతుర్నీ విడిపించుకున్నాడు. తల్లిని మాత్రం యజమానులు అమ్మలేదు, మిసిసిపీకి తీసుకుపోయారు. తల్లీకూతుళ్ళు మళ్ళీ కలుసుకున్నది యుద్ధం అయ్యాకే. ఎల్లా పియానో నేర్చుకుని, పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పి, ఆరు డాలర్లు మిగిల్చుకుని ఫిస్క్‌కి వచ్చింది.

1871 నాటికి ఫిస్క్ మూతపడే పరిస్థితి. కోశాధికారి జార్జ్ వైట్ ఉత్తరాది నుంచి వచ్చిన తెల్లవాడు, సంగీతం కూడా ఆయనే చెప్పేవాడు. ఈ పిల్లల్ని ఊరూరా తిప్పి పాడిస్తే నాలుగు డబ్బులు వస్తాయన్నాడు. బడి పెట్టిన సంస్థ వద్దంది. ఆయన వినలేదు. 1871 అక్టోబర్ 6న తొమ్మిది మంది విద్యార్థులు రైలెక్కారు. ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళే. చిన్నదాని వయసు పద్నాలుగు.

ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. థామస్ రట్లింగ్‌కి ఊహ తెలిశాక మొదటి జ్ఞాపకం తల్లిని అమ్మేయడం. బెంజమిన్ హోమ్స్ దుకాణాల బోర్డులు చూసి చూసి చదవడం నేర్చుకున్నాడు. చార్ల్స్‌టన్‌లో బానిసల దొడ్డిలో పడి ఉన్నప్పుడు అతని చేతికి లింకన్ విముక్తి ప్రకటన దొరికింది. తోటి ఖైదీలందరికీ దాన్ని గట్టిగా చదివి వినిపించాడు. ఆ దొడ్డిలో చదవడం వచ్చిన మనిషి ఒకడు ఉండబట్టి మిగతావాళ్ళకి ఆ కబురు తెలిసింది. చదువు ఎందుకని ఎవరైనా అడిగితే నాకు హోమ్స్ గుర్తొస్తాడు.

మొదట్లో వీళ్ళు పాడింది తెల్లవాళ్ళ కచేరీ పాటలే. జనం పెద్దగా రాలేదు. హోటళ్ళు గది ఇవ్వలేదు. బట్టలు పలచన, దారి ఖర్చులకే వచ్చింది చాలేది కాదు. అదే సమయంలో చికాగో నగరం తగలబడింది. ఒహాయోలో చిల్లికోతి అనే ఊళ్ళో వచ్చిన యాభై డాలర్ల లోపు సొమ్మును ఈ పిల్లలు చికాగో బాధితులకి ఇచ్చేశారు. తమ కాళ్ళకి సరైన బూట్లు లేని రోజుల్లో.

ఇక అసలు విషయం. వీళ్ళ దగ్గర మరో పాటల మూట ఉంది. తల్లులు, నాయనమ్మలు పొలాల్లో, రాత్రి రహస్యపు ప్రార్థనల్లో పాడుకున్న పాటలు. వాటిని బయట పాడడానికి ఈ పిల్లలకి మనసొప్పలేదు. ఎల్లా రాసినదాన్ని బట్టి కారణాలు రెండు. ఒకటి, అవి బానిసతనాన్ని గుర్తు చేస్తాయి, మరిచిపోవాల్సిన కాలానివి. రెండు, అవి అమ్మానాన్నలు దేవుడి ముందు పాడుకున్నవి, పవిత్రమైనవి. మన ఊళ్ళలో నాట్లేస్తూ అమ్మమ్మ పాడుకున్న పాటను, కడుపుకోత తీరక ఒంటరిగా తీసుకున్న రాగాన్ని, పరాయి దేశంలో టికెట్టు పెట్టి స్టేజీ మీద పాడమంటే మనకెలా ఉంటుంది? అలా ఉంది వాళ్ళకి. తలుపులేసుకుని, గొంతు తగ్గించి, జార్జ్ వైట్ ముందు మాత్రమే పాడేవాళ్ళు.

1871 నవంబర్‌లో ఒహాయోలోని ఓబర్లిన్‌లో ఒక పెద్ద చర్చి మహాసభ జరుగుతోంది. సభ్యులు తమ కబుర్లలో తామున్నారు. ఆ హాలు మూలన ఉన్న ఈ పిల్లలు ఒక పాత బానిస పాట మెల్లగా ఎత్తుకున్నారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ రోజు నుంచి కథ మారింది. డిసెంబర్‌లో బ్రూక్లిన్‌లో హెన్రీ వార్డ్ బీచర్ చర్చిలో పాడారు. 1872లో వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు గ్రాంట్ ముందు పాడారు. 1873లో ఇంగ్లండ్ వెళ్ళి విక్టోరియా రాణి ముందు పాడారు. మొదటి పర్యటనలో 20,000 డాలర్లు వచ్చాయి. ఏడేళ్ళు తిరిగి మొత్తం 1,50,000 డాలర్ల దాకా పోగేశారు. ఇంతకుముందు చెప్పానే, ఎత్తు మీద ఇటుకల భవనం, అది ఈ పాటల డబ్బుతో లేచింది. యుద్ధకాలంలో సైన్యం కోట ఉన్న స్థలం కొని, 1876 జనవరి 1న జూబిలీ హాల్ ప్రారంభించారు. చిత్రకారుడు ఎడ్మండ్ హావెల్ ఇంగ్లండ్‌లో ఈ గాయకులందరినీ ఒకే పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. రాణీగారే వేయించారని క్యాంపస్‌లో చెబుతారు. ఆ బొమ్మ జూబిలీ హాల్లోనే ఉంటుంది.

ఒక్క మాట. అదే 1873లో ఇదే ఊళ్ళో ఇంకో విశ్వవిద్యాలయం పుట్టింది. కొర్నీలియస్ వాండర్‌బిల్ట్ అనే ఓడల, రైళ్ళ కోటీశ్వరుడు మొత్తం మీద పది లక్షల డాలర్ల దాకా ఇచ్చాడు. ఒక్క మనిషి సంతకం. ఇవాళ వాండర్‌బిల్ట్ మూలనిధి వెయ్యి కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంది. అక్కడ డిగ్రీలో చేరడానికి నల్లజాతి విద్యార్థులకి 1964 దాకా ఆగాల్సి వచ్చింది. మన పిల్లలకి అక్కడ సీటు వస్తే మనం మిఠాయిలు పంచుతాం. పంచుకోవాలి కూడా. కానీ రెండు మైళ్ళ దూరంలో ఉన్న రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఆ తేడా తెలివితేటల వల్ల వచ్చింది కాదని ఆ పిల్లలకి చెప్పాల్సినవాళ్ళం మనమే.

పాడినవాళ్ళు ఏం పోగొట్టుకున్నారో కూడా చెప్పాలి. పర్యటనల్లో పడి చాలామంది చదువు మధ్యలోనే ఆగిపోయింది. బెంజమిన్ హోమ్స్ క్షయతో 1875లో పోయాడు. ఎల్లా చాలాసార్లు మంచాన పడింది, వైట్ ఆరోగ్యం దెబ్బతింది. 1878లో బృందం అలిసిపోయి చెల్లాచెదురైంది. 1875లో ఫిస్క్ మొదటిసారి డిగ్రీ పట్టాలు ఇచ్చినప్పుడు పట్టా వచ్చినవాళ్ళలో అమెరికా రాబిన్సన్ అనే గాయని ఒకరు. ఆ రోజు ఆమె సభలో లేదు, యూరప్‌లో ఫిస్క్ కోసం పాడుతోంది. ‘ఫిస్క్ కొడుకులూ కూతుళ్ళూ ఎప్పుడూ బలిపీఠం మీదే ఉంటారు’ అని ఈ విశ్వవిద్యాలయానికి ఒక నినాదం ఉంది. వినడానికి కొంచెం కటువుగా ఉంటుంది. ఈ చరిత్ర తెలిస్తే మాత్రం అందులో అతిశయోక్తి కనిపించదు.

మన దేశంతో ముడి ఒకటి ఇక్కడ చెప్పేస్తాను. బృందం విడిపోయాక అందులో పాడిన ఫ్రెడరిక్ లౌడిన్ సొంతంగా ఒక జట్టు కట్టి ప్రపంచమంతా తిరిగాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చూసుకుని 1889–90 ప్రాంతంలో ఇండియా వచ్చారు. తాజ్‌మహల్ లోపల పాడామని లౌడిన్ రాసుకున్నాడు. అమెరికా బానిసల పాటలు ఆ గుమ్మటం కింద మోగాయన్నమాట.

1885లో మసాచుసెట్స్ నుంచి పదిహేడేళ్ళ కుర్రాడు ఒకడు ఫిస్క్‌లో దిగాడు. డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్. తర్వాత అమెరికా నల్లజాతి మేధావుల్లో అగ్రగణ్యుడయ్యాడు. తను పుట్టిపెరిగిన ఊళ్ళో నల్లవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఫిస్క్‌లో తన ఈడువాళ్ళు, తన రంగువాళ్ళు, తెలివైనవాళ్ళు, అందగత్తెలు ఇంతమంది ఒకేచోట కనిపించేసరికి ఉక్కిరిబిక్కిరైపోయాడు. వేసవి సెలవుల్లో టెనెసీ పల్లెల్లో బడి చెప్పాడు. విద్యార్థుల పత్రిక ఫిస్క్ హెరాల్డ్‌కి సంపాదకుడిగా ఉన్నాడు. 1888లో పట్టా తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ పత్రిక పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1915లో ఫేయెట్ మెకెంజీ అధ్యక్షుడిగా వచ్చాడు. తెల్లవాడు, సమర్థుడు. నిధులు తేవడంలో దిట్ట. ఫిస్క్‌కి పది లక్షల డాలర్ల మూలనిధి అనేది అప్పటిదాకా ఎవరూ కనని కల. ఆయన సాధించాడు. కానీ డబ్బిచ్చే ఉత్తరాది పెద్దలకీ, ఊళ్ళోని తెల్లవాళ్ళకీ ‘మా పిల్లలు అణిగిమణిగి ఉంటారు’ అని చూపించాలి కదా. నిబంధనలు బిగిశాయి. డాన్సులు లేవు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి నడవకూడదు. అమ్మాయిలు ఎలాంటి మేజోళ్ళు తొడగాలో కూడా ఆఫీసే చెబుతుంది. విద్యార్థి సంఘం రద్దు. ఫిస్క్ హెరాల్డ్ బంద్. పౌరహక్కుల సంఘం ఎన్ఏఏసీపీ శాఖ క్యాంపస్‌లో పెట్టడానికి వీల్లేదు. తాతల తరంలో బానిసతనం పోతే, మనవల తరంలో క్యాంపస్‌లోకి అది వెనక గుమ్మం నుంచి వచ్చిందన్నమాట.

1924 జూన్‌లో డుబోయిస్ కూతురు యోలాండ్ పట్టా తీసుకుంది. ఆ సందర్భంలో మాట్లాడమని తండ్రిని పిలిచారు. ఆయన వేదికెక్కి, అధ్యక్షుడు ఎదురుగా ఉండగానే దులిపేశాడు. నాకు బాగా గుచ్చుకున్నది ఆయన చేసిన ఒక ఆరోపణ. ఫిస్క్ అమ్మాయిల గాన బృందాన్ని ఊళ్ళోని తెల్లవాళ్ళ క్లబ్బుకి, నౌకర్లు వెళ్ళే దారిలో తీసుకెళ్ళి, చుట్టలు కాలుస్తున్న మగవాళ్ళ ముందు పాడించారన్నది. ఎల్లా షెపర్డ్ తరం మనసు చంపుకుని బయట పెట్టిన పాటలివి. బడి బతకాలని వాళ్ళంతట వాళ్ళు ఇచ్చారు. యాభై ఏళ్ళ తర్వాత అవే పాటలు దాతల మెప్పు కోసం వెనక గుమ్మం నుంచి నడిచాయంటే, ఏది అమ్మొచ్చో, ఏది అమ్మకూడదో ఆ గీత ఎక్కడుందో విద్యార్థులకి స్పష్టంగా కనబడింది.

1925 ఫిబ్రవరి 4 రాత్రి. లైట్లార్పే వేళ దాటినా వంద మందికి పైగా కుర్రాళ్ళు బయటికొచ్చి ‘డుబోయిస్! డుబోయిస్!’ అని అరిచారు. అద్దాలు పగిలాయి, చాపెల్లో కుర్చీలు తలకిందులయ్యాయి. అధ్యక్షుడు నాష్‌విల్ పోలీసుల్ని పిలిపించాడు. ఆ రోజుల్లో నల్లజాతి కుర్రాళ్ళ హాస్టళ్ళలోకి తెల్ల పోలీసుల్ని పిలవడం ఎంత ప్రమాదమో ఊళ్ళో నల్లవాళ్ళందరికీ తెలుసు. కొందరిని పట్టుకుపోయారు. ఆ కుర్రాళ్ళే గొడవ చేశారనడానికి అధ్యక్షుడు సాక్ష్యం చూపించలేకపోయాడు. మర్నాటి నుంచి విద్యార్థులు క్లాసులు మానేశారు. చాలామంది పెట్టే బేడా సర్దుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఊళ్ళోని నల్లజాతి కుటుంబాలు వీళ్ళకి అండగా నిలిచాయి. ఏప్రిల్‌లో మెకెంజీ రాజీనామా చేశాడు. పది లక్షలు తెచ్చిన మనిషిని పిల్లలు పంపించేశారు. ఆ పిల్లలు చేసింది సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ సమ్మె తర్వాతే మనం సినిమాల్లో చూసే నల్లజాతి క్యాంపస్ జీవితం ఇక్కడ వికసించింది. విద్యార్థి సంఘం తిరిగొచ్చింది. ఫ్రెటర్నిటీలు, సొరోరిటీలు, అంటే అబ్బాయిల సంఘాలు, అమ్మాయిల సంఘాలు వచ్చాయి. వీటిని మన కాలేజీ గ్రూపుల్లా అనుకోకండి. ఒకసారి చేరితే జీవితాంతం. అరవై ఏళ్ళావిడ తన సొరోరిటీ రంగు చీరలా చుట్టుకున్నంత ధీమాగా వేసుకుని హోమ్‌కమింగ్‌కి వస్తుంది. హోమ్‌కమింగ్ అంటే పూర్వ విద్యార్థులందరూ తిరిగొచ్చే శరదృతువు పండగ. మధ్యలో ఉన్న పచ్చిక మీద జట్లు జట్లుగా నిలబడి కాళ్ళు నేలకేసి తడుతూ, చేతులు చరుస్తూ ‘స్టెప్’ వేస్తారు. ఇందులో డోలు ఉండదు, వాయిద్యం ఉండదు. చెప్పుల చప్పుడూ అరచేతుల చప్పుడే తాళం. ఇరవై మంది కాళ్ళు ఒకేసారి నేలని తాకితే పక్కన నిలబడ్డవాళ్ళ అరికాళ్ళకి తెలుస్తుంది. పక్కనే వేపుడు చేపల బండి, బార్బెక్యూ పొగ. ఎవరో ఒకాయన మిమ్మల్ని పట్టుకుని ‘మీది ఏ బ్యాచి?’ అని అడుగుతాడు. కాదని చెప్పినా ప్లేటు చేతిలో పెడతాడు. మీరు ఒక్కసారి వెళ్ళి చూడండి.

చదువు సంగతి కూడా చెప్పాలి. నల్లజాతి కాలేజీల్లో దక్షిణాది గుర్తింపు మండలి 1930లో మొదట గుర్తింపు ఇచ్చింది ఫిస్క్‌కే. రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ పొందిన తొలి నల్లజాతి అమెరికన్ సెయింట్ ఎల్మో బ్రేడీ ఇక్కడే చదివి, ఇక్కడే పాతికేళ్ళు పాఠాలు చెప్పాడు. చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ 1935 బ్యాచి. ఆరన్ డగ్లస్ 1930లో క్రేవాత్ గ్రంథాలయం గోడల మీద ఆఫ్రికా నుంచి అమెరికా దాకా నల్లజాతి ప్రయాణాన్ని చిత్రించాడు, తర్వాత ఇక్కడే చిత్రకళ శాఖ నడిపాడు. సామాజిక శాస్త్రవేత్త చార్ల్స్ జాన్సన్ 1940లలో ఫిస్క్‌కి మొదటి నల్లజాతి అధ్యక్షుడయ్యాడు. ఈ మనుషుల్లో ఒక్కొక్కరి గురించి ఒక్కో సాయంత్రం మాట్లాడొచ్చు.

నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నది 1960 దగ్గర. మన ముడి కూడా ఇక్కడే మళ్ళీ పడుతుంది.

జేమ్స్ లాసన్ అనే యువకుడు కొరియా యుద్ధానికి వెళ్ళనని జైలుకి పోయాడు. బయటికొచ్చాక 1953 నుంచి 1956 దాకా మన నాగపూర్‌లో, హిస్లాప్ కాలేజీలో పనిచేశాడు. గాంధీని చదివాడు, గాంధీతో తిరిగినవాళ్ళ మాటలు విన్నాడు. తిరిగొచ్చాక 1957లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కలిశాడు. ఎక్కడంటారా? ఓబర్లిన్‌లోనే. ‘నువ్వు దక్షిణాదికి రా, ఇప్పుడే రా’ అన్నాడు కింగ్. లాసన్ నాష్‌విల్ వచ్చి వాండర్‌బిల్ట్‌లో మతశాస్త్రం చదువుతూ, ఫిస్క్ దగ్గర్లోని క్లార్క్ మెమోరియల్ చర్చిలో వారం వారం విద్యార్థులకి అహింస పాఠాలు మొదలుపెట్టాడు. అవి ఉపన్యాసాలు కావు. ఒకరు కుర్చీలో కూర్చోవాలి. మిగతావాళ్ళు మీద పడి తిట్టాలి, తొయ్యాలి, మొహం మీద పొగ ఊదాలి. కూర్చున్నవాళ్ళు చెయ్యెత్తకూడదు, కింద పడితే తలని ఎలా కాపాడుకోవాలో నేర్చుకోవాలి. స్నేహితుణ్ణి స్నేహితుడు తిట్టడం, కొట్టడం. అలా నెలల తరబడి చేశారు.

వచ్చినవాళ్ళలో ఫిస్క్ విద్యార్థిని డయాన్ నాష్ ఉంది. చికాగో అమ్మాయి. టెనెసీ వచ్చాకే ‘తెల్లవాళ్ళకి’, ‘నల్లవాళ్ళకి’ అనే బోర్డులు మొదటిసారి కళ్ళారా చూసింది. ఫిస్క్‌లో రసాయనశాస్త్రం చదువుతున్న మేరియన్ బారీ ఉన్నాడు. పక్కనున్న బాప్టిస్ట్ సెమినరీ నుంచి జాన్ లూయిస్ వచ్చేవాడు. ఆయన తర్వాత ఫిస్క్‌లో డిగ్రీ చేశాడు, చాలాకాలం కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నాడు.

1960 ఫిబ్రవరి 13న ఊరంతా మంచు. 124 మంది విద్యార్థులు చర్చికి వెళ్ళే బట్టలేసుకుని, పుస్తకాలు చంకన పెట్టుకుని ఫిఫ్త్ అవెన్యూలోని దుకాణాలకి నడిచారు. ఉల్‌వర్త్, క్రెస్, మెక్‌లెల్లన్. ఆ కొట్లలో సామాన్లు కొనొచ్చు, డబ్బు తీసుకుంటారు. అదే కొట్లోని లంచ్ కౌంటర్లో కూర్చుని ఒక కాఫీ అడిగితే మాత్రం ఇవ్వరు. పిల్లలు ముందు చిన్నాచితకా సామాను కొని, ఆ తర్వాత కౌంటర్ దగ్గర కూర్చున్నారు. ఎవరూ వడ్డించలేదు. పుస్తకాలు తీసి చదువుకున్నారు. ఫిబ్రవరి 27న అల్లరిమూక మీద పడింది. కొట్టారు, మండే సిగరెట్లు ఒంటికి అంటించారు. పోలీసులు అరెస్టు చేసింది కొట్టినవాళ్ళని కాదు, కూర్చున్నవాళ్ళని. ఒక వరసని తీసుకెళ్తే ఇంకో వరస వచ్చి అవే స్టూళ్ళ మీద కూర్చుంది. 81 మంది జైలుకి పోయారు.

కోర్టు తలా 50 డాలర్లు జరిమానా వేసింది. కట్టేసి బయటికి రావచ్చు. తల్లిదండ్రులు హడలిపోతున్నారు. ఆ కుటుంబాల్లో ఎన్నో ఇళ్ళలో కాలేజీ మెట్టెక్కిన మొదటి బిడ్డ ఆ పిల్లే. డయాన్ నాష్ జడ్జి ముందు లేచి, ఈ జరిమానా కడితే మాకు జరిగిన అన్యాయానికి మేమే చేయూతనిచ్చినట్టవుతుంది, కట్టం అంది. కట్టలేదు, జైలుకి వెళ్ళారు. సంకెళ్ళు అమ్మి పుస్తకాలు కొన్న బడిలో చదివిన పిల్లలు, 50 డాలర్లతో తమ స్వేచ్ఛని కొనుక్కోవడానికి ఒప్పుకోలేదు. ఎల్లాని 350 డాలర్లకి విడిపించుకున్న తండ్రికి వేరే దారి లేకపోయింది. వీళ్ళు ఆ దారిని తోసిపుచ్చగలిగారంటే నడుమ గడిచిన తొంభై ఏళ్ళ చదువే కారణం.

ఏప్రిల్ 19 తెల్లవారుజామున ఈ పిల్లల తరఫు లాయరు జెడ్. అలెగ్జాండర్ లూబీ ఇంటి మీద బాంబు పడింది. ఎదుటి మెహారీ వైద్య కళాశాల కిటికీ అద్దాలు వందకు పైగా పగిలాయి. ఆయనా, ఆయన భార్యా అదృష్టవశాత్తు బతికారు. అదే రోజు వేలమంది జెఫర్సన్ స్ట్రీట్ మీదుగా, నోరు మెదపకుండా సిటీ హాల్‌కి నడిచారు. డయాన్ నాష్ మేయర్ బెన్ వెస్ట్‌ని సూటిగా అడిగింది. రంగు చూసి మనిషిని వేరుగా చూడడం తప్పని మీరు వ్యక్తిగతంగా అనుకుంటున్నారా, లేదా? మేయర్ తప్పేనన్నాడు. మర్నాడు ఫిస్క్ జిమ్‌లో కింగ్ మాట్లాడాడు. మీకు స్ఫూర్తి ఇవ్వడానికి కాదు, మీ దగ్గర పొందడానికి వచ్చానన్నాడు. మే 10న నాష్‌విల్ లంచ్ కౌంటర్లు నల్లవాళ్ళకి వడ్డించాయి. లాసన్‌ని మాత్రం అంతకుముందే మార్చిలో ఆయన చదువుతున్న విశ్వవిద్యాలయం బహిష్కరించింది. ఆయన 2024లో, తొంభై అయిదేళ్ళ వయసులో పోయారు.

పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే 1965 వలస చట్టం వచ్చింది. దేశాన్ని బట్టి మనుషుల్ని ఆపే పాత కోటాలు అప్పుడు పోయాయి. మన డాక్టర్లు, ఇంజనీర్లు, ఆ తర్వాత మనమూ ఆ తలుపులోంచే లోపలికి వచ్చాం. ఇందాక చుట్టరికం లేదనుకునే విశ్వవిద్యాలయం అన్నాను. చుట్టరికం ఉంది. మనకి చెప్పినవాళ్ళు లేరు, అంతే.

ఫిస్క్ లోపల అన్నీ బాగున్నాయని కాదు. కవయిత్రి నిక్కీ జోవానీ 1960లో చేరింది. థాంక్స్‌గివింగ్‌కి అనుమతి అడక్కుండా అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళినందుకు చివరికి పంపించేశారు. 1964లో తిరిగొచ్చి, 1967లో పట్టా తీసుకుంది.

కౌంటర్లు గెలిచాక ఊరు ఇంకో దెబ్బ కొట్టింది. 1960ల చివర్లో ఐ-40ని జెఫర్సన్ స్ట్రీట్ ఇరుగుపొరుగు మధ్యలోంచి వేశారు. ఇళ్ళు, కొట్లు, సంగీతం మోగే క్లబ్బులు వందల లెక్కన పోయాయి. ఊరి పెద్దలు, ఆచార్యులు కలిసి కోర్టుకి వెళ్ళారు, సుప్రీంకోర్టు 1968లో వినడానికి ఒప్పుకోలేదు. మనం రోజూ బండి నడిపే రోడ్డు అది. ఇంకోవైపు, పెద్ద విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకోగానే మంచి విద్యార్థులనీ, ఆచార్యులనీ అవి ఎక్కువ డబ్బుతో లాక్కున్నాయి. 1980ల మొదట్లో గ్యాస్ బిల్లు బాకీపడి చలికాలంలో ఫిస్క్ హాస్టళ్ళకి హీటింగ్ ఆగిపోయింది. ఎల్లా రాసిన చలి మళ్ళీ వచ్చిందనుకోండి.

చివరగా బొమ్మల వ్యవహారం. 1949లో చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ తన భర్త ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ సేకరించినవి, తనవి కలిపి 101 కళాఖండాలు ఫిస్క్‌కి ఇచ్చింది. వాటిలో పికాసో, సెజాన్, రెన్వార్ వేసినవి ఉన్నాయి. దక్షిణాదిలో మ్యూజియంలలోకి నల్లవాళ్ళకి ప్రవేశం దొరకని కాలంలో, ఒక నల్లజాతి కాలేజీలో అవి గోడకెక్కాయి. ఆమె పెట్టిన షరతు, అమ్మకూడదు, విడగొట్టకూడదు. 2005లో ఫిస్క్ డబ్బుకి కటకటలాడుతూ రెండు బొమ్మలు అమ్ముతామంది. కోర్టు కేసులు ఏడేళ్ళు నడిచాయి. కళాభిమానులు ‘దాత మాట తప్పుతారా’ అన్నారు. పూర్వ విద్యార్థుల్లో కొందరు ‘గోడ మీద కోట్లు వేలాడదీసుకుని పిల్లల్ని చలికి వదిలేస్తామా’ అన్నారు. 2012లో రాజీ కుదిరింది. ఆర్కన్సా రాష్ట్రంలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం మూడు కోట్ల డాలర్లు ఇచ్చి సగం హక్కు తీసుకుంది. బొమ్మలు రెండేళ్ళు అక్కడ, రెండేళ్ళు ఇక్కడ.

నా మటుకు నాకు ఆ రాజీ తప్పనిపించదు. ఓకీఫ్ మీద గౌరవం ఉంది. కానీ ఒంటరిగా బలిపీఠం మీద నిలబడే బాధ్యత ఎప్పుడూ ఇలాంటి బడులకే ఎందుకుండాలి? వాండర్‌బిల్ట్‌ని ఎవరైనా ఎప్పుడైనా ‘ఏం అమ్ముకుంటారు?’ అని అడిగారా?

ఇవాళ ఫిస్క్‌లో చదివే పిల్లల్లో మన ఊరి నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఆఫ్రికా, కరీబియన్ దేశాల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. 2004 నుంచి ఫిస్క్‌లో ఎమ్మెస్ చేసి వాండర్‌బిల్ట్‌లో పీహెచ్‌డీకి వెళ్ళే వంతెన కార్యక్రమం నడుస్తోంది. భౌతికశాస్త్రంలో దేశానికి నల్లజాతి శాస్త్రవేత్తల్ని అందించిన దారి అది. ఆ తొమ్మిది మందితో మొదలైన గాన బృందం జూబిలీ సింగర్స్ పేరుతో ఇప్పటికీ పాడుతోంది, 2021లో గ్రామీ వచ్చింది. ప్రతి ఏడూ అక్టోబర్ 6న, మొదటి తొమ్మిది మంది రైలెక్కిన రోజున, జూబిలీ డే జరుపుతారు. ముందే కనుక్కుని వెళ్ళండి, పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. క్యాంపస్‌లోని వాన్ వెక్టన్ గ్యాలరీలో ఓకీఫ్ ఇచ్చిన బొమ్మలున్నది ఏ రెండేళ్ళో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.